ప్రాథమిక పాఠశాల పిల్లలతో మొక్కలకు నీళ్లు పోయించడం చదువా, పనా?

పాలమూరు అమ్మ:
మా అమ్మాయి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. ప్రహరీ వెంట నాటిన 12 మొక్కలను వాళ్ల తరగతికి అప్పగించారు. ప్రార్థన అయ్యాక పిల్లలు ఇద్దరిద్దరుగా బోరింగు దగ్గర నుంచి బకెట్లు మోసుకెళ్లి నీళ్లు పోయాలి. మొన్న బకెట్ తీగ ఒరుసుకుని మా పిల్ల అరచేతిలో బొబ్బ లేచింది. వెళ్లి అడిగితే, పర్యావరణం మీద ప్రేమ ఇలాగే అలవడుతుందన్నారు. దాని కోసం రోజూ మొదటి పీరియడ్ పోగొట్టుకోవాలా? పెద్దలు చెప్పగలరు.

పాత బడిపంతులు:
అమ్మా, 31 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసినవాణ్ణి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను కాపాడటం 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో ఒకటి. పర్యావరణాన్ని పాఠశాలల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో చెప్పింది. పరిసరాల విజ్ఞానం పుస్తకం ఎలాగూ ఉంది. అయితే వేరు నీటిని పీల్చుకుంటుందని పుస్తకంలో చదివిన పిల్లవాడికి ఆ మాట పరీక్ష దాకానే గుర్తుంటుంది. తల వాల్చేసిన కానుగ మొక్కకు పొద్దున తన చేత్తో నీళ్లు పోసి, మధ్యాహ్న భోజనాల గంటకు దాని ఆకులు మళ్లీ నిలబడటం చూసిన పిల్లవాడు ఆ పాఠాన్ని జీవితాంతం మరచిపోడు. ఒక బొబ్బ కోసం ఆ అవకాశాన్ని దూరం చేయకండి.

నల్లరేగడి:
వానాకాలంలో నాటిన మొక్కకు అసలు పరీక్ష ఎండాకాలంలోనే. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడికి సెలవులు. అప్పుడు నీళ్లు ఎవరు పోస్తారో ముందు తేల్చండి.

పాలమూరు అమ్మ:
మాస్టారూ, నిండు బకెట్‌లో 10 లీటర్లు పడతాయి, అంటే 10 కిలోలు. మా పిల్ల బరువే 22 కిలోలు.

పాత బడిపంతులు:
ఇద్దరు కలిసి మోస్తారని మీరే రాశారు. నేను పిల్లలతో ఎన్నడూ సగం బకెట్‌కు మించి మోయించలేదు.

పాలమూరు అమ్మ:
మీరు మోయించలేదు సరే, ఇక్కడ మోయిస్తున్నారు. మీ బడి గురించి కాదు నేను అడిగింది.

కరీంనగర్ వాసి:
బకెట్ సంగతి కన్నా ఏ మొక్క అన్నది ముఖ్యం. 2015లో హరితహారం మొదలైన తరువాత మా ఊరి బడిలో త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ నాటించారు. నా కొడుకు తన మొక్కకు పేరు పెట్టుకుని మరీ పెంచాడు. దాని పుప్పొడితో ఇబ్బందులున్నాయని అభ్యంతరాలు వచ్చాక అన్నిటినీ నరికేశారు. ఆ రోజు వాడు అన్నం తినలేదు. వేపో కానుగో నాటించి ఉంటే వాడికి ఆ దుఃఖం తప్పేది.

పాత బడిపంతులు:
మీరు చెప్పింది నిజమే, కానీ చర్చ దారి తప్పుతోంది. ఈనాటి తల్లిదండ్రులకు పిల్లల చేతికి మట్టి అంటడమే నామోషీగా ఉందన్నది నా బాధ.

పాలమూరు అమ్మ:
నామోషీ అన్నారు కనుక చెబుతున్నాను, మాస్టారూ. నేను నాట్లు వేసి, కలుపు తీసి పెరిగినదాన్ని. నా కూతురికి మట్టి కొత్త కాదు. మా అక్క కొడుకు చదివే ప్రైవేటు బడిలో పర్యావరణ దినోత్సవం పేరుతో చార్టు మీద చెట్టు బొమ్మ వేయిస్తారు, ఒక మొక్క పట్టుకుని ఫోటో దిగుతారు. ఆ మొక్కకు ఏడాది పొడవునా నీళ్లు పోసేది తోటమాలి. బకెట్ మా పిల్లల చేతికే వస్తుంది. ఇంకో మాట కూడా రాస్తాను. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వరండా ఊడ్చి, కుండలో నీళ్లు నింపే పని మా వాడ నుంచి వచ్చే ముగ్గురు ఆడపిల్లలకే చెప్పేవారు. మిగతావాళ్లు ఎక్కాలు చదువుతుంటే ఆ గొంతులు మాకు బయటికి వినిపించేవి. పన్నెండో ఎక్కం నాకు ఈనాటికీ తడబడుతుంది. మాకు కూడా అప్పుడు పరిశుభ్రత నేర్పుతున్నామనే చెప్పారు.

పాత బడిపంతులు:
అమ్మా, నామోషీ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మీరు రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను పనిచేసిన చాలా బడుల్లో అటెండరు లేడు, ఊడ్చే మనిషి లేదు. లేని మనిషి పనిని పిల్లలకు అప్పగించి, దానికి పాఠం అని పేరు పెట్టిన రోజులు నా ఉద్యోగంలోనూ ఉన్నాయి. అయినా మొక్క దగ్గరికి పిల్లలను పోనివ్వకూడదంటే నేను ఒప్పుకోలేను. నీళ్లు మోయడం వేరు, మొక్కను చూసుకోవడం వేరు. ఆఖరి బడిలో ప్లేట్లు కడిగే కుళాయి నీటిని చిన్న కాలువతో అరటి పాదులకు మళ్లించాం. కానుగ మొక్కల పక్కన మట్టి కుండలను మెడదాకా పూడ్చి, అడుగు చిల్లులో నూలు వత్తి దూర్చాం. నీరు వేరు దగ్గరే నెమ్మదిగా ఊరుతుంది కనుక వారానికి రెండుసార్లు నింపితే సరిపోయేది. పిల్లలు మూత తీసి ఎంత నీరు తగ్గిందో పుల్లతో కొలిచి నోటు పుస్తకంలో రాసుకునేవారు.

నల్లరేగడి:
సెలవుల్లో ఆ కుండలను నింపిందెవరు?

పాత బడిపంతులు:
మొదటి ఏడాది ఎవరూ నింపలేదు, ఆరు మొక్కలు ఎండిపోయాయి. మరుసటి ఏడాది పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లిదండ్రులు వారాలు పంచుకున్నారు.

పాలమూరు అమ్మ:
కుండల పద్ధతి బాగుంది, శనివారం కమిటీ సమావేశంలో అడుగుతాను. వంతుల జాబితాను గోడ మీద రాయాలని, అందులో తరగతిలోని ప్రతి పిల్ల పేరు, ప్రతి పిల్లవాడి పేరు, ఉపాధ్యాయుల పేర్లు కూడా ఉండాలని కూడా అడుగుతాను. మొదటి పీరియడ్ మాత్రం నేను వదులుకోను, మాస్టారూ. నీళ్ల పని సాయంత్రం గంట కొట్టాకే.