అప్పూ ఘర్ స్థలాన్ని సుప్రీంకోర్టుకు ఇవ్వడం సబబేనా?

మల్కాపురం నివాసి:
నౌకాదళ ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువగా ఉన్న మన విశాఖలో బాల్యం కొంత ఢిల్లీలో గడిపినవారు వీధికొకరైనా తగులుతారు. అలాంటివాళ్లం ఇద్దరం కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా అప్పూ ఘర్ దగ్గరకు చేరుతుంది. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగుపిల్ల పేరుతో 1984 నవంబరు 19న ప్రగతి మైదాన్‌లో మొదలైన ఆ వినోద పార్కును 2008 ఫిబ్రవరిలో మూసివేశారు. ఆ స్థలం సుప్రీంకోర్టు విస్తరణకు వెళ్లింది. ఊయలలా ఊగే కొలంబస్ ఓడలో చివరి వరుసలో కూర్చుని, అది పైకి లేచినప్పుడు ముందున్న ఇనుప కడ్డీని ఎంత గట్టిగా పట్టుకునేవాడినంటే, ఇంటికి వచ్చి సబ్బుతో కడుక్కున్నా అరచేతులకు ఆ తుప్పు వాసన పోయేది కాదు. నగరం నడిబొడ్డున పిల్లలకు మిగిలిన అలాంటి చోటును భవనాల కోసం తీసుకోవడం అన్యాయమని నా అభిప్రాయం.

సీతమ్మధార, విశ్రాంత ఉపాధ్యాయిని:
మీ బాధ అర్థమైంది గానీ, వాదన నిలబడదు బాబూ. అది ప్రభుత్వ భూమి, పార్కును నడిపింది ప్రైవేటు సంస్థ, లోపలికి వెళ్లాలంటే టికెట్ కొనాలి. దేశం నలుమూలల నుంచి కక్షిదారులు వచ్చే న్యాయస్థానానికి చోటు చాలనప్పుడు, పక్కనే ఉన్న ప్రభుత్వ భూమిని ఇవ్వడంలో తప్పేముంది? 2019లో ప్రారంభమైన అదనపు భవన సముదాయం కూడా ప్రజల అవసరం కోసమే. ఆ టికెట్ కొనలేని పిల్లలు ఢిల్లీలో ఎంతమంది ఉండేవారో, వారికి అప్పూ ఘర్ ఏమి మిగిల్చిందో, జ్ఞాపకాలు చెప్పుకునేవారు ఒక్కసారైనా తలుచుకోవాలి.

మురళీనగర్ వాసి:
మేడమ్ గారూ, న్యాయస్థానానికి చోటు అక్కరలేదని ఇక్కడ ఎవరూ అనలేదు. తీసుకున్న దానికి బదులు అందుబాటులో మరొక చోటు చూపారా అన్నదే నా ప్రశ్న. తరువాత అదే పేరుతో గురుగ్రామ్‌లో ఒక పార్కు వచ్చింది. కానీ తూర్పు ఢిల్లీ పిల్లవాడికి అది ఊరు దాటి, రాష్ట్రం దాటి వెళ్లవలసిన దూరం. రాట్నాలు పాతబడతాయి, కొత్తవి తెచ్చుకోవచ్చు. స్థలం పోతేనే తిరిగి రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన వుడా పార్కులో చెట్లను కూల్చివేసినప్పుడు (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా పేరు మారి ఏళ్లయినా మన నోటికి ఇంకా వుడా పార్కే) ఇక అది లేచేది కాదనుకున్నాం. భూమి పార్కుదిగానే ఉండబట్టి మళ్లీ మొక్కలు నాటారు, బాగుచేశారు. పాత సెంట్రల్ జైలును అడవివరానికి తరలించాక ఊరి మధ్య ఖాళీ అయిన నేల మీద ఆఫీసులో, దుకాణ సముదాయాలో కట్టి ఉంటే, ఈ రోజు సెంట్రల్ పార్కులో సాయంత్రం నడిచేవారు ఎక్కడికి వెళ్లేవారు? ఢిల్లీలో పార్కు పోయి భవనాలు లేచాయి, ఇక్కడ జైలు పోయి పార్కు వచ్చింది. ప్రజావసరమంటే కట్టడమే అనుకోనక్కరలేదు.

సీతమ్మధార, విశ్రాంత ఉపాధ్యాయిని:
బదులు చోటు చూపవలసిందన్న మాటను ఒప్పుకుంటాను. టికెట్ సంగతికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

మల్కాపురం నివాసి:
దానికి జవాబు నేనే చెప్పాలి. ఒక ఆదివారం మా నాన్నగారు అమ్మను, నన్ను, చెల్లిని లోపలికి పంపి, తనకు తల తిరుగుతుందని చెప్పి గేటు బయటే వేరుసెనక్కాయల పొట్లంతో కూర్చున్నారు. మేము తిరిగి వచ్చేసరికి పొట్లంలో సగం మాకోసం అలాగే ఉంది. ఓడల మీద పదిహేనేళ్లు పనిచేసిన మనిషికి ఊయలకు తల తిరగడమేమిటని నాకు పెళ్లై, పిల్లలను వుడా పార్కుకు తీసుకువెళ్లే వయసు వచ్చాక గానీ తట్టలేదు.