మందుల హోల్‌సేల్‌కి ఎక్సెల్ చాలా, ట్యాలీనా, ఈఆర్‌పీ దాకా వెళ్లాలా?

గోడౌన్_గుంటూరు: పార్ట్‌నర్‌షిప్ సంస్థ, మెడికల్ షాపులకు సరఫరా. టర్నోవర్ 6 కోట్లు, రెండు గోడౌన్లు, బిల్లింగ్‌కి మూడు కంప్యూటర్లు. ఖాతాలు ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, స్టాకు ఎక్సెల్‌లో. ఈఆర్‌పీ (ఖాతాలు, స్టాకు, ఆర్డర్లు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టించుకోమంటున్నారు. నిజంగా అవసరమా?

జమాఖర్చు: ఈఆర్‌పీ అక్కర్లేదండీ. స్టాకుని మాత్రం ఎక్సెల్ నుంచి తీసేయండి. మందులకి బ్యాచ్ నంబరే ప్రాణం, ఎక్సెల్ దాన్నే పాడుచేస్తుంది. 00417 కొడితే 417 మిగులుతుంది. 3-24 తేదీ అయిపోతుంది. 12 పక్కన ఇంగ్లిష్ ‘ఈ’, ఆ పక్కన 5 ఉంటే 12 లక్షలనే అంకెగా మారుతుంది. తర్వాత టెక్స్ట్‌గా మార్చినా అసలు నంబరు తిరిగి రాదు. ఎక్స్‌పైరీ సరుకు కంపెనీకి వాపసు పంపేటప్పుడు బ్యాచ్ కలవకపోతే క్రెడిట్ నోట్ (వాపసు సరుకు విలువ జమ చేసే పత్రం) ఆగిపోతుంది.

షీట్_మాస్టర్: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. కొట్టక ముందే కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకుంటే ఆ బాధ లేదు. వన్‌డ్రైవ్‌లో ముగ్గురూ ఒకే షీటు మీద పనిచేయొచ్చు. ఈ-ఇన్వాయిస్‌కి, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడానికి, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ ఇచ్చే ఎక్సెల్ టూల్ ఉంది, దాంట్లోంచి జేసన్ ఫైల్ (పోర్టల్ చదవగలిగే రకం) తీసి ఎక్కించడమే.

జమాఖర్చు: షీటు ముగ్గురికీ కనిపిస్తుంది, సరే. సరుకుని పట్టి ఉంచదు కదా! చివరి 10 స్ట్రిప్పులకి ఇద్దరు ఒకేసారి బిల్లు వేస్తే రెండూ వెళ్లిపోతాయి. 5 కోట్లు దాటారు కాబట్టి 2023 ఆగస్టు 1 నుంచి జీఎస్టీ నంబరు ఉన్న షాపులకి వేసే ప్రతి పన్ను బిల్లూ ఈ-ఇన్వాయిసే. దాన్ని 24 గంటల్లోపే రద్దు చేయగలరు, ఆ బిల్లు నంబరు మళ్లీ వాడనివ్వరు. గడువు దాటితే క్రెడిట్ నోటే గతి.

ఈఆర్‌పీ_వైపు: ట్యాలీలోనూ ఆ రెండు బిల్లులూ వెళ్తాయి సార్. స్టాకు మైనస్‌లోకి పోతోందని హెచ్చరిస్తుంది, మామూలుగా ఆపదు. సేల్స్‌మన్ మొబైల్ ఆర్డరు, ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి బదిలీకి ఓకే చెప్పడం, ఇవన్నీ ఒకేచోట కావాలంటే ఈఆర్‌పీయే.

జమాఖర్చు: మైనస్ మాట నిజమే. అందుకే మందుల వ్యాపారంలో బాగా వాడే మార్గ్ లాంటి సాఫ్ట్‌వేర్లు కూడా డెమోలో చూడాలి. మీ సొంత ఐటమ్‌తో ఉన్నదానికంటే ఎక్కువ బిల్లు వేయించి, ఆపుతుందో లేదో తేల్చుకోండి. ఈఆర్‌పీలో చిన్న బిల్లు ఫార్మాట్ మార్పుకీ అమ్మినవాళ్ల కోసం ఎదురుచూడాలి. ఐటమ్ మాస్టర్ (సరుకులన్నిటి వివరాల జాబితా) చూసుకునే మనిషి లేని చోట అది నిలబడదు.

ట్యాలీలోనే ఉంటే మూడు కంప్యూటర్లకి ఒక్కరే వాడే సిల్వర్ లైసెన్స్ చాలదు, ఎక్కువమంది వాడే గోల్డ్ కావాలి. ఎఫ్11 కీ నొక్కితే వచ్చే సెట్టింగుల్లో బ్యాచ్‌లు ఆన్ చేసి, ప్రతి ఐటమ్‌లోనూ బ్యాచ్, ఎక్స్‌పైరీ విడిగా ‘యెస్’ పెట్టాలి. చాలామంది ఈ రెండోది మరిచిపోతారు. 10+1 స్కీముకి (10 కొంటే 1 ఉచితం) అసలు పరిమాణం, బిల్లు పరిమాణం వేర్వేరు కాలమ్‌లుగా పెట్టుకోండి: 11 స్టాకులోంచి పోతాయి, 10కే డబ్బు పడుతుంది.

షీట్_మాస్టర్: మారేదయితే ఏప్రిల్ 1న మారండి. పాత షీటుని అలాగే ఎక్కించొద్దు. ర్యాకుల దగ్గర బ్యాచ్‌ల వారీగా లెక్కపెట్టి ఓపెనింగ్ స్టాకు (మొదలుపెట్టే రోజు నిల్వ) వేయండి. స్ట్రిప్పా, బాక్సా అన్నది ముందే తేల్చుకోండి. ఎంట్రీలు పడ్డాక ట్యాలీ ఆ ఐటమ్ యూనిట్ మార్చనివ్వదు.