మేడ మీద రెండు సినిమాలు: ఏ సినిమా పక్కన ఏది వేయాలి?

ముత్యాలంపాడు మేడ అడిగింది:

మాది విజయవాడ. అద్దె ఇల్లు, రెండో అంతస్తు, పైన మేడ మాకే వదిలేశారు. సంక్రాంతికి తెలిసినవాళ్ల దగ్గర వాడిన ప్రొజెక్టర్ ఒకటి కొన్నాను. ముందు దుప్పటి కట్టి చూశాం గానీ గాలికి హీరోల మొహాలు వంకర్లు పోతుంటే విసుగొచ్చి, వాటర్ ట్యాంకు గోడకి తెల్ల సున్నం కొట్టించి దాన్నే తెర చేశాను.

చూసేవాళ్లం ఐదుగురం. అమ్మకి 70 దాటాయి, కుడిచెవి సరిగా వినపడదు. నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి పాప, ఐదో తరగతి బాబు. అప్పుడప్పుడు గుంటూరు నుంచి మా బావగారు దిగుతారు.

పోయిన శనివారం మొదటిసారి రెండు సినిమాలు వరసగా వేశాను. ముందు మాయాబజార్, దాని వెనక మహానటి. భలే జత అనుకున్నాను. 1957లో శశిరేఖగా చేసిన సావిత్రి, 2018లో ఆ సావిత్రిగా కీర్తి సురేశ్. పైగా మాయాబజార్ షూటింగు మహానటిలో ఉంది, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి గారిగా దర్శకుడు క్రిష్ కనిపిస్తాడు. ఇందాక చూసిన పాటనే అక్కడ తీస్తుంటే పిల్లలు గంతులేస్తారని నా లెక్క.

ఏడింటికి మొదలుపెట్టాం. మాయాబజార్ మూడు గంటల పైన. భోజనాలయ్యి రెండోది వేసేసరికి పదిన్నర. మొదటి సీనే ఆస్పత్రి. నేను కాచుకుని కూర్చున్న ఆ పాట సీను వచ్చేసరికి పిల్లలిద్దరూ చాప మీద అడ్డంగా పడి నిద్ర. బావగారు మంచినీళ్లు తాగొస్తానని కిందికి వెళ్లి మళ్లీ రాలేదు. పన్నెండింటికి కింది వాటావాళ్లు ఫోను, సౌండు తగ్గించమని. తగ్గిస్తే అమ్మకి వినపడదు. అయినా ఆవిడ ఒక్కతే చివరిదాకా కూర్చుంది. అమ్మ పుట్టిల్లు తాడేపల్లి. సావిత్రి పుట్టిన చిర్రావూరు ఆ పక్కనే కాబట్టి సావిత్రి అంటే వాళ్ల ఊరి పిల్లే అన్నట్టు మాట్లాడుతుంది. ఒకటిన్నరకి కళ్లు తుడుచుకుని లేస్తూ ఒకటే మాట అంది: "పెళ్లి భోజనం పెట్టి, చెయ్యి కడుక్కోకముందే చావు కబురు చెప్పావురా."

వారం నుంచీ ఆ మాటే తిరుగుతోంది బుర్రలో. ఇంట్లో ఇలా రెండు సినిమాలు వేసుకునేవాళ్లు జత ఎలా కుదురుస్తారు? నటి ఒకరేనని జత కడితే చాలదని తెలిసొచ్చింది. మరేం చూసుకోవాలి?

---

బ్రాడీపేట టీచరమ్మ:

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆ ఒక్క మాటలో మీ ప్రశ్నకి సగం జవాబుంది.

మా ఇంట్లో పోయిన వేసవిలో బాగా కుదిరిన జత చెబుతాను. చంటబ్బాయ్ (1986), దాని తర్వాత ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ (2019). రెండింట్లోనూ హీరో చిన్నపాటి డిటెక్టివే, మాటలు మాత్రం కోటలు దాటతాయి. జంధ్యాల గారి సినిమాలో చిరంజీవి చేసే అల్లరికి మా అత్తగారు, రెండోదాంట్లో నెల్లూరు కుర్రాడిగా చేసిన నవీన్ పొలిశెట్టికి మా అబ్బాయి తెగ నవ్వారు. తమాషా ఏమిటంటే చంటబ్బాయ్‌లో శ్రీలక్ష్మి కవితలతో ఎడిటర్‌ని వేధించే చోట మా అబ్బాయే ఎక్కువ నవ్వాడు. మర్నాడు నా చేత ఆ ముక్క రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఒక జాగ్రత్త. ఆత్రేయ సినిమా నవ్విస్తూనే పోయిపోయి శవాల వ్యవహారంలోకి దిగుతుంది. ఐదో తరగతి పిల్లాడికి రాత్రి పదకొండు తర్వాత అది వద్దు. నేనైతే మా చిన్నదాన్ని అప్పటికే పడుకోబెట్టేశాను.

---

ఫైనలియర్ కుర్రాడు:

అన్నా, ఆదిత్య 369, ఒకే ఒక జీవితం. రెండూ టైమ్ మెషీన్. 1991, 2022. ఇంక ఆలోచించకు.

ఇంకోటి, స్పీకర్ బ్లూటూత్‌తో కలిపావా? పెదవి కదిలాక మాట వస్తుంటే అదే కారణం. 3.5 ఎంఎం ఆడియో పిన్ను వైరు ఒకటి తెచ్చి గుచ్చు, అయిపోద్ది.

---

బ్రాడీపేట టీచరమ్మ:

ఒకే ఒక జీవితం నాకూ ఇష్టమే బాబూ. కానీ చనిపోయిన అమ్మని చూసుకోవడానికి కొడుకు వెనక్కి వెళ్లే కథ అది. పెద్దావిడ మొన్ననే కళ్లు తుడుచుకుని లేచారు, మళ్లీ అదే పని చేయిస్తావా?

---

పాత రిప్రజెంటేటివ్:

నేను విజయవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున ఇరవై రెండేళ్లు రిప్రజెంటేటివ్‌గా తిరిగినవాణ్ణి. రీళ్ల పెట్టెతోపాటు ఊరూరా వెళ్లి, టిక్కెట్టు తెగిందీ లేనిదీ లెక్క చూసుకోవడం మా పని. ఇప్పటికీ నాకు సినిమా అంటే గంటలు కాదు, రీళ్లు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. ఆ లెక్కన తమరు ఆ రాత్రి ఇంట్లోవాళ్లకి చూపించింది దగ్గర దగ్గర 33 రీళ్లు. బావగారు దిగిపోయారంటే ఆయన తప్పేం లేదు.

రెండు సినిమాల రాత్రి మనకి కొత్తేం కాదు. శివరాత్రికి హాళ్లలో తెల్లవార్లూ ఆటలు వేసేవాళ్లం. ముందు ఆటకి భక్తి సినిమా, తెల్లవారుజాము ఆటకి ఫైట్ల సినిమా. ఒక ఊళ్లో మేనేజరు పెట్టె తారుమారు చేసి భక్తి సినిమా రెండో ఆటకి ఎక్కించాడు. మూడున్నరకి నేను లోపలికి వెళ్లి చూద్దును కదా, తెర మీద శివుడు తాండవం చేస్తుంటే హాలు హాలంతా గురక. ఆపరేటర్ ఒక్కడే జాగరణ. ఇళ్లలో వీడియో క్యాసెట్ల డెక్కు అద్దెకు తెచ్చుకునే రోజుల్లోనూ అంతే. మూడు క్యాసెట్లు తెస్తే, బరువైనది ముందు పెట్టి తేలికది ఆఖర్న వేసిన ఇల్లే తెల్లారేదాకా మేలుకునేది.

ఇక మీ జత. దాన్ని పూర్తిగా తీసిపారేయనక్కర్లేదు. మహానటిలో క్రిష్ దగ్గర అసిస్టెంటుగా తరుణ్ భాస్కర్ ఉంటాడు, గమనించారా? అది సింగీతం శ్రీనివాసరావు గారి పాత్ర. ఆయన నిజంగానే మాయాబజార్‌కి కె.వి.రెడ్డి గారి దగ్గర పనిచేశారు. ఆ దారమే పట్టుకుని ముందుకు రండి. మాయాబజార్ ఎటూ చూసేశారు కాబట్టి ఈసారి రెండూ సింగీతం గారివే వేయండి.

ముందు ఆదిత్య 369. కుర్రాడు చెప్పింది సగం రైటే. కృష్ణదేవరాయల కాలం అమ్మగారికి, 2504వ సంవత్సరం పిల్లలకి. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి అభిమన్యుణ్ణి చూసిన వారంలోనే టైమ్ మెషీన్ చూస్తే, ఈ శిష్యుడు ఏ బడిలో చదివాడో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

రెండోది పుష్పక విమానం, 1987. ఎందుకంటే అందులో ఒక్క మాట ఉండదు. పది దాటాక సౌండు సగానికి తగ్గించినా పోయేదేం లేదు, కింది వాటావాళ్లకి ఇబ్బంది లేదు, అమ్మగారి చెవితో పనే లేదు. రెండూ కలిపి నాలుగున్నర గంటలు. ఇంకో సరదా ఉంది. ఆదిత్యలో టైమ్ మెషీన్ కనిపెట్టే సైంటిస్టుగా టిన్నూ ఆనంద్ వేశాడు. అదే మనిషి పుష్పక విమానంలో మంచు కత్తులు పట్టుకు తిరిగే హంతకుడు. పిల్లలకి ముందు చెప్పకండి, వాళ్లే పట్టుకుంటారేమో చూడండి.

---

ముత్యాలంపాడు మేడ:

గురువుగారూ, నిన్న రాత్రి మీరు చెప్పినట్టే వేశాను.

వైరు మార్చాను, కుర్రాడు చెప్పింది నిజమే, మాట పెదవితోపాటే వస్తోంది. మా ఆవిడ పునుగులు, అల్లం పచ్చడి చేసింది. ఆదిత్య ఏడుంపావుకి మొదలు. మ్యూజియంలో దొంగలు పడ్డ దగ్గర్నుంచి బాబు చాప మీంచి కదల్లేదు. రాయలవారి సభ రాగానే అమ్మ పునుగుల పళ్లెం పక్కన పెట్టి సర్దుకుని కూర్చుంది. 2504 మాత్రం ఆవిడకి పట్టలేదు. ఆ కాసేపూ కిందికి వెళ్లి పాలు తోడు పెట్టొచ్చింది.

పుష్పక విమానం మొదలైన పది నిమిషాలకి "మాటలు రావట్లేదు, వైరు ఊడిందేమో చూడు" అంది. మాటలు లేని సినిమా అమ్మా అన్నాను. నమ్మలేదు, ఇంకో ఐదు నిమిషాలు నా వంకే అనుమానంగా చూసింది. ఆ తర్వాత మరి అడగలేదు. హోటల్ గదిలో నిశ్శబ్దానికి కమల్‌హాసన్‌కి నిద్ర పట్టదు చూశారూ, పాత గది పక్కనున్న సినిమా హాలు మోత టేపులో పట్టుకొచ్చి, అది పెట్టుకుని పడుకుంటాడు. అక్కడ అమ్మకి మా నాన్న గుర్తొచ్చినట్టున్నారు. పెళ్లయిన కొత్తలో కాపురం ఒక టాకీసు వెనక సందులోనట. సెకండ్ షో వదిలితే గానీ ఆయన పడుకునేవారు కాదట. నాకు నలభై నాలుగేళ్లొచ్చాయి, ఈ సంగతి ఇప్పటిదాకా నాతో అనలేదు.

టిన్నూ ఆనంద్‌ని పాపే పట్టుకుంది. కళ్లు చూసి.

ఇక మీ లెక్క తప్పిన చోటు చెబుతాను. సౌండు తగ్గించాను, సినిమా నోరెత్తలేదు, అంతా బాగానే ఉంది. కానీ తన గదిలో కట్టేసి ఉంచిన డబ్బున్నాయన దొడ్డికి వెళ్లిన 'సరుకు' కమల్ రోజూ గిఫ్టు ప్యాకింగ్ చేసి రోడ్డు మీద వదిలే సీను వచ్చింది. పిల్లలిద్దరూ పెట్టిన గోలకి, వాళ్లని చూసి మా ఆవిడ నవ్విన నవ్వుకి, పదకొండుంపావుకి కింది వాటావాళ్లు మళ్లీ ఫోను చేశారు. సినిమా సౌండు తగ్గించమన్నారు. సినిమాలో సౌండే లేదండీ అంటే పెట్టేశారు.

వచ్చే శనివారానికి అమ్మ గుండమ్మ కథ అడిగింది. మిస్సమ్మ కలపనా?

---

పాత రిప్రజెంటేటివ్:

వద్దు బాబూ. రెండింట్లోనూ రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, రంగారావు గార్లే. నిద్రమత్తులో ఎవరు ఎవరి అల్లుడో కలిసిపోతుంది. పైగా అమ్మగారు అడిగారంటే ఆవిడ ఎటూ మేలుకునే చూస్తారు. గుండమ్మ కథ రెండో ఆటకి పెట్టి, మొదటి ఆట పిల్లల్ని అడగండి. కింది వాటావాళ్లకి పునుగులు పంపారా?