సర్వర్ జవాబు ఏ రూపంలో పంపాలి: హెచ్‌టీఎమ్‌ఎల్ ముక్కా, జేసనా, ఎక్స్‌ఎమ్‌ఎలా?

వరసలపట్టిక:
ఎరువుల దుకాణాల్లో స్టాకు చూపించే పేజీ. పీహెచ్‌పీ 8.1, మైఎస్‌క్యూఎల్. జిల్లా ఎంచుకుంటే మండలాల డ్రాప్‌డౌన్ నిండుతుంది, మండలం ఎంచుకుంటే కింద పట్టిక మారుతుంది. పేజీ రీలోడ్ అవ్వదు. ఇప్పుడు సర్వరే టేబుల్ వరసలు తయారుచేసి పంపుతోంది, బ్రౌజర్‌లో వాటిని ఇన్నర్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌తో (వచ్చిన టెక్స్ట్‌ని హెచ్‌టీఎమ్‌ఎల్‌గానే పేజీలోకి ఎక్కించేది) పెట్టేస్తున్నాం. ఇదే డేటా త్వరలో ఆండ్రాయిడ్ యాప్‌కీ కావాలి. మొత్తం జేసన్‌కి (ట్యాగ్‌లు లేకుండా డేటా మాత్రమే పంపే టెక్స్ట్ రూపం) మార్చేయాలా? పక్క విభాగం వాళ్లేమో ఎక్స్‌ఎమ్‌ఎల్ (డేటాని ట్యాగ్‌ల మధ్య పెట్టే రూపం) అడుగుతున్నారు. పేర్లన్నీ తెలుగులో ఉంటాయి.

పోర్ట్443:
యాప్ వస్తోందంటే జేసన్ తప్పదండీ. టేబుల్ వరసలు పంపితే యాప్ వాళ్లు అందులోంచి డేటా ఏరుకోవాలి, మీరు ఒక కాలమ్ జరిపిన రోజున అది పగిలిపోతుంది. అలాగని వెబ్ పేజీని కూడా ఇప్పుడే మార్చనక్కర్లేదు. క్వెరీని ఒక ఫంక్షన్‌లో పెట్టి, వరసలిచ్చే యూఆర్‌ఎల్ ఒకటి, జేసన్ ఇచ్చేది ఇంకొకటి పెట్టండి. ఒకే యూఆర్‌ఎల్ నుంచి యాక్సెప్ట్ హెడర్ (ఏ రూపం కావాలో అడిగేవాళ్లు చెప్పేది) చూసి రెండూ ఇవ్వొచ్చు గానీ, అప్పుడు వేరీ హెడర్ (జవాబు దేన్నిబట్టి మారుతుందో క్యాష్‌కి చెప్పేది) మర్చిపోతే క్యాష్ ఒకరి జవాబు ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

పేజీనీ జేసన్‌కి మార్చేటట్టయితే ఒక్కటి గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు దుకాణం పేరు సర్వర్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్‌స్పెషల్‌క్యార్స్ (ట్యాగ్ గుర్తుల్ని ఉత్త అక్షరాలుగా మార్చే ఫంక్షన్) గుండా వెళ్తోంది కదా, ఆ కాపలా జేసన్‌లో ఉండదు. బ్రౌజర్‌లో స్ట్రింగులు అతికించి ఇన్నర్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌లో పెడితే, పేరు బదులు ఎవరైనా ఆన్‌ఎర్రర్ ఉన్న ఇమేజ్ ట్యాగ్ ఎక్కిస్తే అది నడుస్తుంది. గడి గడికీ టెక్స్ట్‌కంటెంట్ (ట్యాగ్‌లున్నా ఉత్త అక్షరాలుగానే చూపించేది) వాడండి.

ఎర్రర్లు కూడా జేసన్‌లోనే రావాలి. 500 వచ్చినప్పుడు సర్వర్ హెచ్‌టీఎమ్‌ఎల్ ఎర్రర్ పేజీ పంపితే, బ్రౌజర్ దాన్ని పార్స్ చేయబోయి "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ '<'" అంటుంది, అసలు కారణం కనబడదు. ఫెచ్ (బ్రౌజర్‌లో సర్వర్‌ని అడిగే ఫంక్షన్) 404కీ 500కీ తనంతట తాను ఫెయిల్ అవ్వదు. ముందు రెస్పాన్స్.ఓకే చూసి, ఆ తర్వాతే జేసన్ తీయాలి.

సున్నాఒకటి:
యాప్ లేకపోతే మాత్రం హెచ్‌టీఎమ్‌ఎల్ ముక్కలే మేలని నా మాట. టెంప్లేట్ ఒకేచోట ఉంటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ అడిగినవాళ్ల దగ్గర స్కీమా (డేటా ఎలా ఉండాలో చెప్పే నియమాలు) గానీ డిజిటల్ సంతకం గానీ ఉంటే వాళ్ల కోసం విడిగా ఒక ఎగుమతి ఇవ్వండి, పేజీని దానికి కట్టేయొద్దు. పేరులో "&" ఎస్కేప్ కాకుండా వెళ్తే రెస్పాన్స్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ (బ్రౌజర్ పార్స్ చేసి ఇచ్చే జవాబు) నల్ అయి కూర్చుంటుంది.

వరసలపట్టిక:
రెండు యూఆర్‌ఎల్‌ల దారే పడతాను. జేసన్ పక్క తెలుగుతో, కోడ్‌లతో చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

గుణింతం:
ఉన్నాయండీ, అసలు చిక్కులు అక్కడే.

జేసన్‌_ఎన్‌కోడ్ (డేటాని జేసన్‌గా రాసే పీహెచ్‌పీ ఫంక్షన్) మామూలుగా తెలుగు అక్షరాల్ని బ్యాక్‌స్లాష్-యు కోడ్‌లుగా మార్చేస్తుంది. "తెలంగాణ"లో 7 కోడ్‌పాయింట్లు (గుణింతపు గుర్తులతో సహా విడివిడి యూనికోడ్ గుర్తులు): యూటీఎఫ్-8లో 21 బైట్లు, అలా మారిస్తే 42. అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ ఫ్లాగ్ ఇవ్వండి. ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) వెనకాల ఉంటే జీజిప్ (కుదింపు) ఆన్ చేసినంత మాత్రాన సరిపోదు. అది డిఫాల్ట్‌గా హెచ్‌టీఎమ్‌ఎల్‌నే కుదిస్తుంది, జీజిప్_టైప్స్‌లో అప్లికేషన్/జేసన్ చేర్చాలి.

అర్రే_ఫిల్టర్ (అక్కర్లేని వరసలు తీసేసే ఫంక్షన్) తర్వాత నేరుగా ఎన్‌కోడ్ చేయకండి. మధ్యలో వరస ఎగిరిపోతే కీలు 0, 2, 3 అని మిగులుతాయి, పీహెచ్‌పీ దాన్ని జాబితాగా కాక ఆబ్జెక్ట్‌గా రాస్తుంది. చివరి వరసలే పోయినప్పుడు బాగానే ఉంటుంది కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు. అర్రే_వాల్యూస్ (కీలని 0 నుంచి మళ్లీ వరసగా వేసేది) గుండా పంపండి. దీనికి ఎదురు కేసు మండలం కోడ్-పేరు జంటలు: ఖాళీగా ఉంటే ఆబ్జెక్ట్ బదులు ఖాళీ జాబితా వెళ్తుంది, కోట్లిన్‌లో (ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష) మ్యాప్ కోసం చూసే పార్సర్ అక్కడే ఆగిపోతుంది. ఆ ఒక్క విలువని ఆబ్జెక్ట్‌గా క్యాస్ట్ చేయండి.

ముందు సున్నా ఉండే కోడ్‌లు, 9007199254740991 దాటే ఐడీలు స్ట్రింగ్‌లుగానే పంపాలి. అది దాటితే జావాస్క్రిప్ట్ సంఖ్యని గుట్టుగా సవరించేస్తుంది. తేదీ 2025-06-05 పద్ధతిలో, గంట కూడా ఉంటే చివర +05:30 పెట్టి పంపండి. 05/06/2025 అని పంపితే క్రోమ్ మే 6 అనుకుంటుంది.

ఇక జవాబు 200తో వచ్చి బాడీ ఖాళీగా ఉంటే ముందు సబ్‌స్ట్ర్ (స్ట్రింగ్‌లో ముక్క కోసే ఫంక్షన్) కోసం వెతకండి. తెలుగు కోడ్‌పాయింట్‌కి 3 బైట్లు కదా, సబ్‌స్ట్ర్ బైట్లు లెక్కపెట్టి అక్షరం మధ్యలో కోసేస్తుంది. యూటీఎఫ్-8 చెడిపోవడంతో జేసన్‌_ఎన్‌కోడ్ ఫాల్స్ ఇస్తుంది, దాన్ని ఎకో చేస్తే ఏమీ రాదు. త్రో ఆన్ ఎర్రర్ ఫ్లాగ్ పెడితే లాగ్‌లో కనబడుతుంది. ఎంబీ_సబ్‌స్ట్ర్ (బైట్లు కాక కోడ్‌పాయింట్లు లెక్కపెట్టేది) బైట్లు విరగ్గొట్టదు గానీ "కి"లో గుడి కోసేసి "క" మిగల్చగలదు. పేరు కుదించాలంటే ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్_సబ్‌స్ట్ర్ (గుణింతంతో కలిసిన అక్షరాన్ని ఒకటిగా లెక్కపెట్టేది) వాడండి. ఇంకా నయం, పేరు పూర్తిగా పంపి కుదింపు సీఎస్‌ఎస్‌కి వదిలేయండి.