పిటిషన్ సంతకాల ఆరోపణపై కమిటీ సభ్యులను తొలగించవచ్చా?

నేను న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పార్టీ కౌంటీ కమిటీ సభ్యురాలిని. ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, అభ్యర్థి పేరు బ్యాలెట్‌పై ఉండాలంటే సాధారణంగా అదే పార్టీలో నమోదైన ఓటర్ల సంతకాలను పిటిషన్‌పై సేకరించాలి. ఇవన్నీ తన సమక్షంలోనే చేశారని సేకరించిన వ్యక్తి ప్రతి పుటపైనా సాక్షిగా ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరణ చట్టరీత్యా ప్రమాణపత్రంతో సమానం.

మా సభ్యులిద్దరు తాము చూడని సంతకాలకు సాక్ష్యం పెట్టారని ఆరోపణ వచ్చింది. వారిలో ఒకరు మన తెలుగు పెద్దాయనే; ఎందరినో దగ్గరుండి ఓటర్లుగా నమోదు చేయించిన మనిషి కావడంతో నాకు మరింత బాధగా ఉంది. అయితే పిటిషన్‌లో పేరున్న ఒకావిడ, తాను సంతకం చేసినట్టు చూపిన రోజున అసలు ఊళ్లోనే లేనంటున్నారు.

ఎన్నికల చట్టం 2-116 సెక్షన్ ప్రకారం పార్టీ పట్ల అవిధేయతకు గానీ, పదవిలో అవినీతికి గానీ, నోటీసు ఇచ్చి, లిఖితపూర్వక అభియోగాలపై విచారణ జరిపాకే కమిటీ తన సభ్యుణ్ణి తొలగించగలదు. ఉపసంఘం విచారించినా తన నిర్ధారణలను పూర్తి కమిటీకి నివేదించాలి. మా అధ్యక్షుడు మాత్రం వచ్చే సమావేశంలోనే చేతులెత్తించి తేల్చేద్దామంటున్నారు.

సంతకాలు సేకరించడానికి కమిటీ సభ్యత్వమే అక్కర్లేదు కదా, మరి అందులో జరిగిన తప్పు ‘పదవిలో అవినీతి’ అవుతుందా? అభియోగపత్రంలో ఏయే వివరాలు ఉండాలి? ఇటువంటి విచారణలో పాల్గొన్నవారు, ఎన్నికల చట్టం తెలిసిన న్యాయవాదులు దయచేసి చెప్పగలరు.