ఎఫ్‌ఐఆర్‌లో లేని మాట తర్వాత చెబితే అబద్ధమేనా?

నీలిమేఘం: మా తమ్ముడిని కొట్టినవాళ్ల మీద కేసు కొట్టేశారు. ఆ రాత్రి స్టేషన్‌లో నేను చెబుతుంటే రైటర్ తన భాషలో నాలుగు వాక్యాలు రాసుకుని సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. నా చేతులకి తమ్ముడి రక్తం ఇంకా ఆరలేదు. కోర్టులో అవతలి లాయరు అదే కాగితం చూపించి "రాడ్డుతో కొట్టారని ఇందులో ఎక్కడుంది?" అని నిలదీశాడు. ఆ కాగితానికి అంత విలువా?

పాతఫైలు: ఎఫ్‌ఐఆర్ దానంతటది సాక్ష్యం కాదండి. ఇచ్చినవారి సాక్ష్యాన్ని బలపరచడానికో, తప్పని చూపడానికో వాడతారు. అన్ని వివరాలూ అందులోనే ఉండాలన్న రూలు లేదు.

నీలిమేఘం: సాక్ష్యం కాదంటూనే దాంతోనే మమ్మల్ని అబద్ధాలకోరుల్ని చేశారు కదా!

చినుకు: కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకున్నారా?

పాతఫైలు: నోటితో చెప్పింది రాశాక చదివి వినిపించాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 154వ సెక్షన్‌లోనూ ఉంది, దాని బదులు 2024 జులై 1 నుంచి అమలైన బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్‌లోనూ ఉంది. చదవకుండా సంతకం పెట్టడం మీ పొరపాటే.

నీలిమేఘం: మళ్లీ సంతకమేనా? ఆస్పత్రిలో మనిషి ఉంటే సెక్షన్లు గుర్తొస్తాయా మీకు?

వేపచెట్టు: కేసు కట్టారు, అదే నయం. కాగ్నిజబుల్ నేరమైతే, అంటే వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరమైతే, కట్టి తీరాలని 2013లో సుప్రీంకోర్టు లలితా కుమారి తీర్పు వచ్చినా, మమ్మల్ని మూడు రోజులు తిప్పారు. కోర్టులో ఆ ఆలస్యం మా మీదే వేశారు.

పాతఫైలు: ఆలస్యమైతే కల్పనలు చేరతాయని 1972లోనే తూలియా కాళి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నీలిమేఘం: అంటే మేం కల్పించామనేగా!

పాతఫైలు: మీ గురించి కాదు. మా బాబాయి పేరు ఎఫ్‌ఐఆర్‌లో లేదు. తర్వాత వాంగ్మూలంలో చేర్చారు. పొలం గట్టు తగాదా. నలభై రోజులు జైల్లో ఉన్నారు. మొదటి కాగితంలో పేరు లేదు కాబట్టే బయటపడ్డారు. దాని విలువ తగ్గించాలంటే నాకు భయమేస్తుంది.

నీలిమేఘం: ఇది ముందే చెప్పాల్సింది. కానీ కొత్త మనిషిని ఇరికించడం వేరు, కొట్టినవాడి చేతిలో ఏముందో రైటర్ రాయకపోవడం వేరు. ఆ రాత్రి డాక్టరు గాయాల గురించి రాసిచ్చిన వూండ్ సర్టిఫికెట్‌లో తల ఎముక విరిగిందని ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పాతఫైలు: అది నాకు తెలియదండి. తెలిస్తే సంతకం దగ్గరే ఆగేవాణ్ని కాదు. అప్పీలు వేశారా? బాధితులకి 2009 సవరణతో ఆ హక్కు వచ్చింది.

నీలిమేఘం: వేశాం. ఇంకా విచారణకి రాలేదు.