ముడి కాన్వాస్ మీద ఫ్రాంకెన్‌థేలర్ పద్ధతి: రంగు ఎందుకు ఇంకట్లేదు?

గోల్కొండ కుంచె:
అమెరికన్ అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ చేసినట్టు ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) లేని కాటన్ కాన్వాస్ (4×6 అడుగులు) నేల మీద పరిచి, ఆక్రిలిక్‌లో సగానికి సగం నీళ్లు కలిపి పోశాను. రంగు ఇంకకుండా పైనే మడుగు కట్టింది. ఆరాక అంచున చిక్కటి గీత, మధ్యలో వెలవెల. టర్పెంటైన్‌తో (ఆయిల్ రంగుని పల్చన చేసే ద్రావకం) ఆయిల్ రంగులు వాడితే నయమా? ఇంకోటి, ఆమె ప్రభావం తర్వాతివాళ్ల మీద ఎంత? సెమినార్‌కి కావాలి.

ముడిగుడ్డ:
ముందుగాల గుడ్డను చూడు తమ్మీ. నేసేటప్పుడు తెగొద్దని పడుగు దారానికి గంజి పెడ్తరు. అది పోకుంటే నీళ్లు లోపటికి పోవు. ఒక మూలకు నాలుగు చుక్కల నీళ్లు వెయ్యి. ఎంబడే పీల్చుకుంటే సరే, ముత్యాల లెక్క నిలబడితే గంజి ఉన్నట్టే. వేడినీళ్లల్ల సబ్బుపొడి వేసి రాత్రంతా నానబెట్టు, నురుగు పొయ్యేదాంక జాడించు. ఉతికితే గుడ్డ చిన్నగైతది, అందుకే కోసేటప్పుడే అన్ని దిక్కులా అర అడుగు ఎక్కువ పెట్టుకో.

రంగు ఒక పాలు, ఆక్రిలిక్ మీడియం (రంగు కలపని జిగురు) ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు. ఉత్త నీళ్లే పోస్తే జిగురు పల్చబడి, ఆరినంక వేలితో రుద్దితే రంగు పొడి రాలుతది. బోరు నీళ్లు వద్దు, ఉప్పు తెల్లగ తేలుతది.

అంచు గీతకు కారణం ఆరే తీరు. అంచు ముందు ఆరుతది, మధ్యల ఉన్న నీళ్లు రంగును మోసుకుంట అటే పోతయి. ఫ్యాన్ బంద్ చెయ్యి, పోసే జాగ చుట్టూ జానెడు మేర స్ప్రేతో తడుపు. గీత గట్టిగ రావాల్నంటే మాత్రం పొడి గుడ్డ మీదనే పొయ్యి. కిందికి ఉత్త ప్లాస్టిక్ పరిస్తే కారిన రంగు అక్కడక్కడ నిలిచి దాని ముడతలు పైకి అచ్చుపడ్తయి. ప్లాస్టిక్ మీద పాత దుప్పటి వెయ్యి.

కాన్వాస్ కబుర్లు:
ఆయిల్ జోలికి పోకండి. 1952లో ‘మౌంటెన్స్ అండ్ సీ’ని ఆమె టర్పెంటైన్‌తో పల్చన చేసిన ఆయిల్ రంగులతోనే వేశారు, నిజమే. దాదాపు 7×10 అడుగుల బొమ్మ, బొగ్గు గీతలు కూడా కనిపిస్తాయి. కానీ ముడి గుడ్డలో రంగు చుట్టూ నూనె విడిగా పాకి పసుపుపచ్చ వలయం కడుతుంది. పైగా ఆయిల్ రంగులోని అవిసె నూనె ఆరేకొద్దీ నూలు పెళుసెక్కుతుంది. కాన్వాస్‌కి సైజు (పల్చటి జిగురు పూత), ప్రైమర్ పూసేదే దీన్ని ఆపడానికి. 1960ల్లో ఆమే ఆక్రిలిక్‌కి మారారు. తలుపులు మూసిన ఫ్లాట్ గదిలో లీటర్ల కొద్దీ టర్పెంటైన్ అంటే ఆ ఆవిరి ఊపిరికి మంచిది కాదు, నిప్పు భయం సరేసరి. ఉండచుట్టి పడేసిన నూనె గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు కూడా.

వాడిపోని వర్ణం:
ప్రభావం సంగతి. 1951లో అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ నల్ల ఎనామెల్ పెయింట్‌ని ముడి కాన్వాస్‌లోకి ఇంకించాడు, కానీ ఆయన చేతిలో అది గీతగానే మిగిలింది. ఫ్రాంకెన్‌థేలర్ దాన్ని పరుచుకున్న రంగు మైదానం చేసింది. రంగు గుడ్డ పైన కూర్చోదు, గుడ్డే రంగవుతుంది. 1953లో విమర్శకుడు గ్రీన్‌బర్గ్ వెంట చిత్రకారులు మోరిస్ లూయిస్, కెన్నెత్ నోలాండ్ ఆమె స్టూడియోకి వెళ్లారు. 1954లోనే లూయిస్ ‘వీల్’ (ముసుగు) చిత్రాలు మొదలుపెట్టాడు. ఆయన వాడింది మాగ్నా, టర్పెంటైన్‌లో కరిగే ఆక్రిలిక్. అందుకే పైన చెప్పిన వలయం ఆయన బొమ్మల్లో ఇబ్బంది పెట్టదు. 1964లో లాస్ ఏంజెలెస్‌లో గ్రీన్‌బర్గ్ పెట్టిన ప్రదర్శనలో ఫ్రాంకెన్‌థేలర్, లూయిస్, నోలాండ్ ముగ్గురూ ఉన్నారు.

సెమినార్‌లో మన భారతీయ చిత్రకారుల్ని ఇందులోకి లాగేముందు ఆలోచించండి. రజా 1962లో బర్కిలీలో పాఠాలు చెప్పాడు, ఆయన్ని కదిలించింది అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో. గాయ్తోండే రోలర్‌తో, కత్తితో రంగు పొరలు పేర్చి గీకేవాడు, ఇంకించడానికి పూర్తిగా ఎదురు దారి. ‘అందరూ అబ్‌స్ట్రాక్టే కదా’ అని ఒకే స్లైడ్‌లో పెడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

గోల్కొండ కుంచె:
చుక్కలు ముత్యాల్లాగే నిలబడ్డాయన్నా, గంజే. ఉతికి మళ్లీ పోస్తాను. పూర్తయ్యాక వార్నిష్ వెయ్యాలా?

ముడిగుడ్డ:
వెయ్యకు. వార్నిష్ ముడి జాగల్ల కూడ ఇంకి గుడ్డ రంగు ముదురైతది, మెరుపు లేని ఆ మాట్ తనం పోతది. కానీ వార్నిష్ లేని గుడ్డ మీద చెయ్యి మరక పడితే తుడవరాదు. పూర్తిగ ఆరినంకనే ఫ్రేమ్‌కు బిగించు, ఎంతవరకు కత్తిరించాల్నో అప్పుడు చూసుకో. బొమ్మ ముందర అద్దం పెట్టిస్తే గుడ్డకు తాకకుండ నడుమ పట్టీ వెయ్యమని చెప్పు.